బల్ల మీద రైలు – 6వ పాఠం: ఒకేసారి మూడు పనులు

బల్ల మీది మన బుల్లి రైలు నమూనాలో కాజీపేట లేఅవుటు (పట్టాల అమరిక), బొగ్గు వ్యాగన్లు, స్టేషన్ భవనం: మూడు పనులూ కలిపి ఎలా నడపాలో ఈసారి చెబుదామనుకున్నాను. కానీ పట్టాల మధ్య కంకర అతికించే పాఠం తర్వాత చాలామంది ఇళ్లలో పాయింట్లు (రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే కదిలే పట్టాలు) బిగుసుకుపోయాయి. అది తేలకుండా ముందుకు పోతే అంతా ఆగమాగమే.

ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలపమన్నాను కదా. ఆ సబ్బు వల్లే జిగురునీళ్లు రాళ్ల మీద బొట్లుగా నిలవకుండా సందుల్లోకి దిగుతాయి. అదే గుణంతో కదిలే పట్టాల కిందికీ పాకుతాయి. తడి మీద తెల్లగా ఉండే జిగురు ఆరితే కంటికి కనబడదు. మీరేమో పోసి, వ్యాగన్ల రంగు పనిలో పడి, పొద్దున వచ్చి పాయింటును కదిపే మీట లాగారు. రాకపోతే ఇంకా గట్టిగా లాగారు. కడ్డీ విరిగింది. అంత బలం ఎందుకండీ! గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదిపుల్ల పెట్టి ఓపిక పడితే మామూలు ఫెవికాల్ మెత్తబడుతుంది. వాటర్‌ప్రూఫ్ రకం పోసినవాళ్లు మాత్రం కొత్త పాయింటు కొనుక్కోవడమే. కదిలే పట్టాల నడుమ కంకర వద్దే వద్దు. నేనైతే అక్కడ బూడిద రంగు పూసి ఊరుకుంటాను. జిగురు పోసే సిరంజిని కదిలే పట్టాలకు రెండు స్లీపర్ల (పట్టాల కింది అడ్డదిమ్మెల) ముందే ఆపండి. ఆరేదాకా మధ్యమధ్యలో మీటను అటూ ఇటూ ఆడించండి.

అంటే ఇది కాపలా ఉండాల్సిన పని. సోల్డరింగూ అంతే. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పూసిన వ్యాగన్, ప్లాస్టర్ గోడ వదిలేసి పోయినా ఆరతాయి. ఒక పూటకు కాపలా పని ఒక్కటే పెట్టుకోండి, వదిలేసేవి ఎన్నైనా సరే. రంగు వేసే పూట గరుకు కాగితం ముట్టవద్దు. విప్పిన మరలు కలిసిపోకుండా వ్యాగన్‌కో మూతడబ్బా పెట్టుకోండి.

ఎన్ని వ్యాగన్లు మొదలుపెట్టాలో సైడింగే (బండిని నిలిపే పక్కదారే) చెబుతుంది. బాక్స్‌ఎన్ అనే బొగ్గు వ్యాగన్ అసలు పొడవు 10.7 మీటర్లు, 1:87లో (అసలులో 87వ వంతు నమూనాలో) 12.3 సెంటీమీటర్లు. వ్యాగ్-9 అనే కరెంటు ఇంజన్ నమూనా 23.6 సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్ల సైడింగులో ఇంజన్ పోను ఐదే పడతాయి. ఆరో వ్యాగన్ పెట్టె విప్పకండి.

అభ్యాసం: ఒక పాత పాయింటుకు కంకర వేయండి, అదే పూట రెండు వ్యాగన్లకు ప్రైమర్ పూయండి. మర్నాడు మీట చిటికెన వేలితో కదలాలి. కదలకపోతే కంకరంతా నానబెట్టి తీసి, మళ్లీ మొదటి నుంచి.