ప్రయాణంలో హాట్‌స్పాట్ మొరాయిస్తే: సమస్య, కారణం, పరిష్కారం

ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు అనంతపురంలోనో కర్నూలులోనో ఉన్నవారు శుక్రవారం రాత్రి బస్సెక్కేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు చిన్న హాట్‌స్పాట్ పరికరాన్ని కూడా సంచిలో వేసుకుంటున్నారు. అయితే దుకాణాల్లో 'పోర్టబుల్ రౌటర్' అన్న ఒకే పేరు మీద రెండు వేర్వేరు వస్తువులు దొరుకుతాయి. ఒకటి సిమ్ వేసుకుని టవర్ నుంచి డేటా తీసుకునేది. రెండోది సిమ్ లేకుండా, హోటల్ వైఫైని గానీ ఈథర్‌నెట్ కేబుల్‌ను గానీ ఆధారం చేసుకుని మన పరికరాలన్నిటికీ పంచేది. బస్సులో రెండోది ఎందుకూ పనికిరాదు. ఏది కొన్నామో తెలుసుకున్న తరువాతే కింది సమస్యలను పరిశీలించాలి.

సమస్య: బాగేపల్లి దాటగానే ఇంటర్నెట్ ఆగిపోతోంది

సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, ఫోను హాట్‌స్పాట్‌కు కలుస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. బాగేపల్లి తరువాత కర్ణాటక టెలికాం సర్కిల్ ముగిసి, రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఉన్న ఆంధ్రప్రదేశ్ సర్కిల్ మొదలవుతుంది. బెంగళూరులో తీసుకున్న సిమ్ ఉన్న పరికరం దీన్ని రోమింగ్‌గా లెక్కించవచ్చు. డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్‌వర్క్ దొరికినా డేటా కదలదు. ఈ చిక్కు నాకు మొదటిసారి ఎదురైనప్పుడు, సిమ్ తీయడం, తుడవడం, మళ్లీ పెట్టడంతోనే పెనుకొండ వచ్చేసింది.

పరిష్కారం చిన్నదే. పరికరం వెనుక అంటించిన చీటీ మీద ఉన్న చిరునామాను (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.8.1) ఫోను బ్రౌజర్‌లో టైపు చేసి, సెట్టింగుల్లో డేటా రోమింగ్‌ను ఆన్ చేసి, పరికరాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేయాలి. రోమింగ్ అనగానే బిల్లు గురించి బెంగపడనక్కరలేదు, ఇప్పటి సాధారణ ప్లాన్లలో దేశం లోపల దానికి వేరే రుసుము ఉండదు. విదేశానికి వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని మరచిపోకుండా ఆపాలి.

అప్పటికీ కదలకపోతే అదే పేజీలో ఏపీఎన్ (పరికరం ఏ దారిన ఇంటర్నెట్‌కు వెళ్లాలో చెప్పే పేరు) చూడాలి. ఒక కంపెనీ సిమ్ తీసి మరో కంపెనీ సిమ్ వేసినప్పుడు పాత ఏపీఎన్ అలాగే ఉండిపోవచ్చు. జియోకు 'జియోనెట్', బీఎస్ఎన్ఎల్‌కు 'బీఎస్ఎన్ఎల్‌నెట్' అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి.

సమస్య: ఒక సిమ్ పనిచేస్తుంది, ఇంకొకటి పనిచేయదు

టెలికాం కంపెనీలు తమ పేరుతో అమ్మే కొన్ని పరికరాలు ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉంటాయి. రెండో కారణం బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే పౌనఃపున్యాల శ్రేణులు. జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల మీద నడుస్తుంది, అంటే 5, 3, 40 బ్యాండ్లు. విదేశం నుంచి బంధువులు తెచ్చిన పరికరంలో వీటిలో ఒకటో రెండో లేకపోతే నగరంలో బాగానే ఉండి ఊరి దగ్గర చేతులెత్తేస్తుంది. చౌకగా వచ్చిందని కొన్న పాత 3జీ డాంగిల్‌లో జియో సిమ్ ఎన్నటికీ పనిచేయదు, ఎందుకంటే ఆ కంపెనీకి 2జీ, 3జీ నెట్‌వర్క్‌లే లేవు. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో కొనేవారు డబ్బు ఇచ్చే ముందే తమ సిమ్‌ను అందులో వేసి, ఒక పేజీ తెరిచి చూడడం మంచిది. దుకాణదారు విసుక్కున్నా ఫరవాలేదు.

సమస్య: హోటల్ వైఫైకి రౌటర్ కలిసింది, లాగిన్ పేజీ రావడం లేదు

ఇది సిమ్ లేని రౌటర్లకు వచ్చే తలనొప్పి. హోటల్ వైఫై ముందుగా గది సంఖ్యో ఓటీపీయో అడిగే పేజీ చూపించి, ఆ తరువాతే దారి వదులుతుంది. మన రౌటర్‌లో వీపీఎన్ (సమాచారాన్ని రహస్యంగా వేరే సర్వర్ మీదుగా పంపేది) నడుస్తున్నా, డీఎన్ఎస్‌ను (వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చేదాన్ని) మనం సొంతంగా మార్చి ఉన్నా ఆ పేజీ మన దాకా రాదు. ముందు ఆ రెండూ ఆపి చూడాలి. లాగిన్ అయ్యాక తిరిగి వేసుకోవచ్చు.

రెండో కారణం అంత సులభంగా తట్టదు. హోటల్ రౌటరూ మన రౌటరూ రెండూ 192.168.1.1 అనే చిరునామానే వాడుతుంటే, ఏ సమాచారం ఎటు పోవాలో తేలక అంతా నిలిచిపోతుంది. మన రౌటర్ చిరునామాను 192.168.50.1 వంటి వేరే దానికి మార్చితే చాలు. ఈ రెండూ చేసినా ఫలితం లేకపోతే, ఫోనును నేరుగా హోటల్ వైఫైకి కలిపి లాగిన్ చేసి, ఆ నెట్‌వర్క్‌లో ఫోను చూపే మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్యను) రౌటర్‌కు నకలు చేసి, ఫోనును ఆ వైఫై నుంచి తప్పించాలి. కొనేటప్పుడే ఇలా నకలు చేసే మ్యాక్ క్లోనింగ్ సౌకర్యం ఉందో లేదో అడగాలి. నా దృష్టిలో ఇది వేగం అంకెల కంటే ముఖ్యం.

సమస్య: ఏసీ బోగీలో వేగం పడిపోతోంది

బోగీ లోహపు గోడలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. సంచిలోంచి తీసి కిటికీ పక్కన, ఎండ తగలని చోట పెట్టాలి. సెట్టింగుల పేజీలో సిగ్నల్ బలం మైనస్ 80 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం) దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 కంటే కిందికి పడిపోతే బలహీనమైనట్టు. టవరే లేని చోట ఏ ఖరీదైన పరికరమూ ఏమీ చేయలేదు.

సమస్య: బ్యాంకు ఓటీపీ రావడం లేదు

ఆ సిమ్‌ను హాట్‌స్పాట్‌లో వేశారు కాబట్టి సందేశం అక్కడికే వెళ్లింది. సెట్టింగుల పేజీలో ఎస్ఎంఎస్ విభాగం ఉంటే అక్కడ కనబడుతుంది. బ్యాంకుకు ఇచ్చిన నంబరును ఫోనులోనే ఉంచి, హాట్‌స్పాట్‌కు వేరే సిమ్ తీసుకోవాలి.