సామర్థ్యం, వేగం కలిపి లెక్కించే నమూనా తడబడితే: సమస్య - పరిష్కారం

అనంతపురంలో ఈఏపీసెట్ మాదిరి పరీక్షలను కంప్యూటర్ మీద నిర్వహిస్తూ, విద్యార్థుల సామర్థ్యాన్నీ వేగాన్నీ విడివిడిగా అంచనా కట్టదలచిన గణిత అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను. ఇంజనీరింగ్ పరీక్షలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు సగటున 67.5 సెకన్లు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. పరీక్షల గణాంక నిపుణుడు వాన్ డెర్ లిండెన్ 2006లో ప్రతిపాదించిన లాగ్‌నార్మల్ నమూనా ప్రకారం, సెకన్లలో కొలిచిన జవాబు సమయపు సహజ సంవర్గమానానికి సగటు విలువ ప్రశ్న కోరే సమయంలోంచి విద్యార్థి వేగాన్ని తీసివేస్తే వస్తుంది. 2007లో ఆయనే దీన్ని, జవాబు సరైనదయ్యే సంభావ్యతను లెక్కించే సామర్థ్య నమూనాతో ఒకే చట్రంలోకి తెచ్చారు.

సమస్య: లెక్కను ఎన్ని వేల ఆవృత్తులు (మళ్లీ మళ్లీ) నడిపినా అంచనాలు స్థిరపడవు.
ప్రశ్నల సమయ విలువలన్నింటికీ, విద్యార్థుల వేగాలన్నింటికీ ఒకే సంఖ్య కలిపితే వాటి తేడా మారదు కనుక, ఏది అసలు విలువో తేల్చుకోవడానికి నమూనాకు ఆధారం ఉండదు. వేగాల సగటును సున్నాగా నిర్ణయిస్తే సరిపోతుంది.

సమస్య: ప్రశ్నల సమయ విలువలు 4 దరిదాపుల్లో ఉండవలసినవి 11 దగ్గర ఉన్నాయి.
సమయాలు మిల్లీసెకన్లలో నమోదయ్యాయి. 1000తో భాగించండి.

సమస్య: చివరనున్న రసాయన శాస్త్ర ప్రశ్నలు ఉన్నదానికంటే కఠినంగా తేలుతున్నాయి, వాటికి పట్టిన సమయం మాత్రం రెండు మూడు సెకన్లే.
ఇక్కడ నిదానంగా ఆలోచించాలి. కోత లేనప్పుడు, గంట కొట్టే ముందు మిగిలినవన్నీ గబగబా నొక్కేయడం విద్యార్థి దృష్టిలో తెలివైన పనే. అయితే ఆ నొక్కుళ్లలో సామర్థ్యమూ లేదు, నమూనా ఊహించిన వేగమూ లేదు. సమయపు సంవర్గమానాలకు ప్రశ్నవారీగా పటం గీయండి. రెండు శిఖరాలు కనిపించి, చిన్న సమయాల శిఖరంలో సరైన జవాబుల వంతు నాలుగింట ఒకటికి దగ్గరగా ఉంటే అవి ఊహించి నొక్కిన జవాబులే. ఊహలను వేరుచేయడానికి అన్ని ప్రశ్నలకూ ఒకే సమయపు హద్దు పెట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే సంయోజకత అడిగిన ప్రశ్నకు తెలిసినవాడు ఆరు సెకన్లలో నిజాయతీగానే జవాబివ్వగలడు. ఊహలను ఖాళీలుగా తీసేయడం తేలికైన దారి. కానీ ఊహించేవారు సాధారణంగా వెనుకబడినవారైతే ఆ ఖాళీలు యాదృచ్ఛికం కావు కనుక, రెండు రకాల జవాబులనూ కలిపి లెక్కించే మిశ్రమ నమూనాయే మేలు.

సమస్య: సామర్థ్యానికీ వేగానికీ సహసంబంధం రుణాత్మకంగా వచ్చింది.
మీ ప్రోగ్రాం వేగాన్ని కొలుస్తోందో, మందకొడితనాన్ని కొలుస్తోందో ముందు చూడండి. గుర్తు సరైనదేనైతే దోషమేమీ లేకపోవచ్చు; సమర్థులు గడువును నింపాదిగా వాడుకునే పరీక్షల్లో ఇలా రావడం సహజం. ఇది విద్యార్థుల మధ్య తేడాను చెబుతుందే తప్ప, ఒకే విద్యార్థి తొందరపడితే ఎన్ని తప్పులు చేస్తాడన్నది చెప్పదు.

సమస్య: కఠినమైన ప్రశ్నలకు నమ్మశక్యం కానంత తక్కువ సమయం, పైగా జవాబులు సరైనవి.
విద్యార్థి ప్రశ్నను వదిలి, తిరిగి వచ్చి జవాబిస్తే, కొన్ని వ్యవస్థలు చివరిసారి చూసిన సమయాన్నే దాచుకుంటాయి. ముడి లాగ్‌ను (వ్యవస్థ నమోదు చేసిన అసలు చిట్టాను) తెరిచి చూడకుండా నేను రెండు రోజులు నమూనానే నిందించాను. అన్ని సందర్శనల సమయాన్నీ కూడి వాడాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా ఒక్కో విద్యార్థి అవశేషాలను, అంటే అసలు సమయపు సంవర్గమానంలోంచి నమూనా అంచనాను తీసివేస్తే మిగిలేవాటిని, ప్రశ్నల వరుసలో పరచి చూడండి. చివరి ప్రశ్నలలో అవి పదేపదే సున్నాకు దిగువనే ఉంటే, విద్యార్థి పరీక్షంతటా ఒకే వేగంతో సాగుతాడన్న ఊహ నిలవలేదన్నమాట. అప్పుడు వేగం మారడానికి వీలిచ్చే నమూనాను ఎంచుకోవాలి, లేదా గడువు ఒత్తిడి లేని తొలి భాగానికే వేగం అంచనాను పరిమితం చేయాలి.