ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఖాళీ రోజులు: గుంటూరు, బెజవాడ పిల్లలకు

కుక్కర్ తెచ్చుకోవాలా, కారం ఎన్ని కేజీలు, స్వెట్టర్లు అక్కడ కొనాలా ఇక్కడ కొనాలా లాంటివి బ్రాడీపేటలో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా చెప్తారు. కోర్సు అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకని నెలల్లో పొద్దు ఎలా గడుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. డిపెండెంట్‌గా వచ్చి, భర్త డ్యూటీకి వెళ్లాక నాలుగు గోడల మధ్య ఉండిపోయే అమ్మాయిలదీ ఇదే పరిస్థితి.

ఈ సంగతి నేను చదివినంతలో అందరికన్నా బాగా చెప్పినావిడ మారీ యహోడా అనే సోషల్ సైకాలజిస్ట్. 1907లో ఆస్ట్రియాలోని వియన్నాలో, యూదుల ఇంట్లో పుట్టింది. సోషలిస్టు. 1936లో అక్కడి ప్రభుత్వం జైల్లో పెట్టింది, మరుసటి ఏడాది దేశం విడిచి పోవాలన్న షరతు మీద వదిలింది. అలా శరణార్థిగా ఇంగ్లండ్ చేరింది. యుద్ధం అయ్యాక అమెరికా వెళ్లి న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయింది. 1958లో మళ్లీ ఇంగ్లండ్ వచ్చి, 1965 నుంచి ససెక్స్ యూనివర్సిటీలో సోషల్ సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసింది. 2001లో, 94 ఏళ్ల వయసులో పోయింది.

ఆవిడకు పేరు తెచ్చిన పని మాత్రం దేశం విడవకముందే చేసింది. వియన్నా దగ్గర మారియెంటాల్ అని చిన్న ఊరు. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది, అది మూతపడింది. యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్, ఇంకొందరు ఆ ఊరికి వెళ్లి జనం ఎలా బతుకుతున్నారో దగ్గర నుంచి చూశారు. 1933లో పుస్తకం వేశారు. పని లేనప్పుడు చదువుకోవడానికి బోలెడు టైమ్ కదా అనుకుంటాం. అక్కడి లైబ్రరీలో పుస్తకాలకు డబ్బు కట్టాల్సిన పని లేకుండా చేసినా, తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్లు వీధిలో నాలుగడుగులు వేయడం, ఆగడం, మళ్లీ నాలుగడుగులు. చాలామంది గడియారం పెట్టుకోవడమే మానేశారు. పొద్దుటి నుంచి ఏం చేశావంటే చెప్పలేకపోయేవారు. ఆడవాళ్లకు ఇంటి చాకిరీ ఎలాగూ తప్పలేదు కాబట్టి వాళ్లు ఆగకుండా నడిచేవారు.

ఉద్యోగం జీతంతో పాటు ఇంకేం ఇస్తుందో యహోడా తర్వాత 1982లో వివరంగా రాసింది. రోజుకు ఒక టైమ్‌టేబుల్, ఇంటి బయట మనుషులతో మాటలు, నలుగురితో కలిసి ఒక పని చేస్తున్నామన్న భావన, ఫలానా అని చెప్పుకోవడానికి ఒక హోదా, ఊరికే కూర్చోనివ్వని అలవాటు. ఉద్యోగం లేనప్పుడు ఇవన్నీ ఒక్కసారే పోతాయి.

లోన్ టెన్షన్ లేదని నేననను. గుంటూరులో నాన్న కిస్తీ కడుతుంటే నిద్ర ఎలా పడుతుంది? కానీ లేచేసరికి పదకొండు, కర్టెన్ తీయకుండానే మంచం మీద ఫోన్లో అప్లికేషన్లు, డిసెంబర్లో అయితే నాలుగు కాకముందే చీకటి. ఇలా రెండు నెలలు గడిస్తే ఇంటర్వ్యూ కాల్ వచ్చినా గొంతు పెగలదు.

అందుకని పొద్దున్నే బయటపడండి. బెజవాడలో రామమోహన గ్రంథాలయానికి పేపర్ చదవడానికి పోయే పెద్దాయనల్లాగా, ఇక్కడ మీ కౌన్సిల్ లైబ్రరీకి పోండి. మెంబర్‌షిప్ ఉచితం, కంప్యూటర్లూ ఉంటాయి. అప్లికేషన్లు పది నుంచి ఒంటి గంట దాకా అక్కడే పంపి, తర్వాత లాప్‌టాప్ మూసేయండి. రాత్రి పన్నెండుకు పంపిన అప్లికేషన్ వల్ల ఉద్యోగం త్వరగా రాదు. వారానికి ఒకటి రెండు పూటలు చారిటీ షాపులో (దానంగా వచ్చిన సామాను అమ్మే సేవాసంస్థ దుకాణం) వాలంటీరుగా చేయొచ్చు, కస్టమర్లతో మాట్లాడితే ఇక్కడి యాస కూడా చెవికెక్కుతుంది. స్టూడెంట్ వీసా మీద ఉంటే మాత్రం టర్మ్‌లో వారానికి 20 గంటల లిమిట్‌లోకి ఏది వస్తుందో, ఏది రాదో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే అడగండి. రూమ్మేట్ చెప్పాడని నమ్మకండి.

అరండల్‌పేట బ్యాచ్ అంతా ఒకే ఇంట్లో ఉంటే పప్పుచారుకు లోటుండదు, జ్వరమొస్తే చూసే దిక్కుంటుంది. ఉండండి. కానీ తెలుగు రాని స్నేహితుడు ఒక్కడైనా ఉండాలి. క్రికెట్ వచ్చినవాళ్లకు సులువు: వేసవిలో ఊరి క్లబ్బులకు మనుషులు ఎప్పుడూ చాలరు.

వచ్చిన వారంలోనే జీపీ (మీ పేటలో ఉండే ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకోండి, జబ్బు చేసేదాకా ఆగొద్దు. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే ఆ డాక్టరుకే చెప్పొచ్చు. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) టాకింగ్ థెరపీస్‌కు, అంటే మాటలతో చేసే మానసిక చికిత్సకు, మీ అంతట మీరే అప్లై చేసుకోవచ్చు. మరీ భరించలేనట్టుంటే 111కి ఫోన్ చేసి మెంటల్ హెల్త్ ఆప్షన్ నొక్కండి, ప్రాణం మీదికొస్తే 999. ఈ విషయం మీ వీసా వాళ్లకు తెలిసిపోతుందేమోనని భయపడి ఆగేవాళ్లున్నారు. ఆగకండి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మాట: రోజూ "జాబ్ వచ్చిందా" అని అడక్కండి, వస్తే వాడే చెప్తాడు. "ఇవాళ ఎటెళ్లావు, ఎవరు కలిశారు" అని అడగండి.

అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఇండియాతో తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నరకు పెరుగుతుంది. అప్పుడు ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర అంటే గుంటూరులో మధ్యాహ్నం రెండు, అమ్మ వంటిల్లు సర్దుకుని తీరిగ్గా ఉంటుంది. రోజూ ఆ టైముకే ఫోన్ చేస్తానని మాటిచ్చేయండి. చచ్చినట్టు లేవాల్సిందే.