మృగశిర రాకముందే పార్కింగ్ ఊడ్చుకోండి

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతాల వస్తుంది. పార్కింగ్‌లో నీళ్లు ఇంకే టైల్స్ వేయించి, ఆ నీటిని ఇంకుడు గుంతకు మళ్లించుకున్న అపార్ట్‌మెంట్ల వాళ్లకు, వానలు పడేలోపు ఆ టైల్స్ ఊడ్చుకోవడానికి చేతిలో ఉండేది అంతకు ముందొచ్చే రోహిణి కార్తె ఒక్కటే.

టైల్స్ సందుల్ని చీపురుపుల్లతో గీకి చూడండి. పొడిగా, నల్లగా రాలుతుంది. అది ఉత్త మట్టి కాదు. టైర్లు అరిగి రాలిన జింక్, బ్రేక్ ప్యాడ్ల రాగి, పాత రంగుల పెచ్చుల్లోంచి, బ్యాటరీల నుంచి సీసం, ఇవన్నీ అందులో ఉంటాయి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది కాబట్టి ఆ బెంగ కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈ లోహాలు ఎక్కువగా సన్నటి దుమ్మును అంటుకుని పైపైనే ఆగుతాయి. టైల్స్ చేసే మేలు అదే. కానీ ఆగినదాన్ని మనమే తీయాలి, లోహం కుళ్లిపోయేది కాదు కదా.

పొడిగా ఉన్నప్పుడే ఊడవండి. వ్యాక్యూమ్ దొరికితే ఇంకా మంచిది. పైపు మాత్రం పెట్టొద్దు. నిరుడు మా దగ్గర శుభ్రంగా ఉంటుందని ధారగా కొట్టించాం. దుమ్మంతా సందుల్లోకి దిగి బిగుసుకుంది, మొదటి వానకే బండ్ల కింద నీళ్లు నిలిచాయి. చివరికి సందుల్లో నింపిన రాతి చిప్స్ తవ్వి తీసి కొత్తవి పోయించాల్సి వచ్చింది. అక్కడ సిమెంట్ కొట్టేద్దాం సార్ అంటాడు మేస్త్రి, ఒప్పుకోకండి, ఇక నీళ్లు ఇంకవు.

మరకలకు యాసిడ్ అసలు వద్దు. పట్టి ఉన్న లోహాలు కరిగి నేరుగా కిందికి దిగుతాయి.

ఊడ్చేవాళ్లకు మాస్క్ ఇవ్వండి. ఆ దుమ్మును కరివేపాకు మొదట్లో పోయకుండా సంచిలో కట్టి విడిగా పారేయండి. ఇంకుడు గుంత పైన ఇసుక నల్లబడి ఉంటే ఆ పొర తీసి కొత్తది వేయండి. తొలి వాన నీటిలోనే మురికి ఎక్కువ, గుంతకు వెళ్లే దారిలో వాల్వ్ ఉంటే మూసి, ఆ నీటిని గుంతలోకి పోనివ్వకండి.

గుంత పక్కనే బోరుండి ఆ నీళ్లు తాగుతుంటే ఒకసారి టెస్ట్ చేయించండి. కాచినా లోహాలు పోవు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. ల్యాబ్‌లో సీసం, కాడ్మియం అని పేరు పెట్టి అడగండి, లేకపోతే టీడీఎస్ (నీటిలో కరిగినవాటి మొత్తం), హార్డ్‌నెస్ మాత్రమే చూసి రిపోర్టు చేతిలో పెట్టేస్తారు.