లిబియాలో చిక్కుకున్నవారు ఇంటికి రావడానికి: ఔట్‌పాస్, ఎగ్జిట్ పర్మిట్ దరఖాస్తు విధానం

లిబియా నుంచి మనిషి ఇంటికి రావాలంటే రెండు కాగితాలు కావాలి. ఒకటి మన ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, గల్ఫ్‌కి పోయొచ్చినవాళ్ళ నోట అదే ఔట్‌పాస్. రెండోది లిబియా అధికారులు ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్. ఇంట్లోవాళ్ళ ఆరాటమంతా మొదటిదాని చుట్టూనే తిరుగుతుంది. ఔట్‌పాస్ వచ్చిందని ఫోన్ రాగానే ఎయిర్‌పోర్టుకి బండి కూడా మాట్లాడేస్తారు. తర్వాత వారాలు గడిచినా మనిషి రాడు. పాస్‌పోర్టు పోయినవాడికి ఔట్‌పాస్ ఎంత అవసరమో, ఎగ్జిట్ కూడా అంతే అవసరం. ఒకటయ్యాక రెండోది చూద్దాంలే అనుకోకుండా రెండింటినీ ఒకేరోజు మొదలుపెట్టాలని ఈ వ్యాసం అంతా చెప్పేది.

ఏ ఊళ్ళో ఉన్నాడో ముందు కనుక్కోండి

2011లో పౌరుల రక్షణ పేరుతో సైనిక చర్యకి ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానం (నంబర్ 1973), నాటో వైమానిక దాడులు, అప్పటి పాలకుడు గడాఫీ పతనం అన్నీ నెలల తేడాతో జరిగిపోయాయి. అప్పట్లో అక్కడ సుమారు 18 వేల మంది మనవాళ్ళు ఉండేవారు. ‘ఆపరేషన్ సేఫ్ హోమ్‌కమింగ్’ పేరుతో ఓడల్లో, విమానాల్లో 15 వేల మందికి పైగా తీసుకొచ్చారు. 2014 నుంచి దేశం రెండుగా చీలింది. రాజధాని ట్రిపోలీలో ఐక్యరాజ్యసమితి గుర్తించిన ప్రభుత్వం ఉంది, దాని వెనక టర్కీ. తూర్పున బెంఘాజీ వైపు సైనిక నాయకుడు ఖలీఫా హఫ్తార్ సైన్యం మాట చెల్లుతుంది, దానికి రష్యా, ఈజిప్టు, యుఏఈ అండ. 2020 అక్టోబర్‌లో కాల్పుల విరమణ కుదిరింది. 2021 డిసెంబర్ 24న జరగాల్సిన ఎన్నికలు మాత్రం జరగలేదు.

ఈ రాజకీయం మనకెందుకంటే, ఎగ్జిట్ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో తేలేది దాన్నిబట్టే. బెంఘాజీ సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నవాడి ఫైలు ట్రిపోలీ ఆఫీసులో తిరిగినంత మాత్రాన పని కాదు. 2025 ఫిబ్రవరిలో బెంఘాజీ నుంచి 18 మంది భారతీయులు తిరిగొచ్చారు. వాళ్ళ కోసం ఎంబసీ టికెట్లు కొనడంతో సరిపెట్టలేదు. అక్కడి అధికారుల దగ్గర అనుమతులు తెప్పించేదాకా వెంటపడాల్సి వచ్చింది. అందుకే ‘లిబియాలో ఉన్నాడు’ అంటే చాలదు. ఊరు, పేట, కంపెనీ క్యాంపు పేరు, వీలైతే వాట్సాప్ లొకేషన్ తెప్పించండి.

మదద్‌లో ఫిర్యాదు

ఎంబసీకి ఫోన్ చేస్తే ఎత్తొచ్చు, ఎత్తకపోవచ్చు. 2019లో ట్రిపోలీ చుట్టూ పోరు మొదలైనప్పుడు అక్కడి మన సిబ్బంది పక్కదేశం ట్యునీషియా రాజధాని ట్యునిస్‌కి తరలిపోయారు. 2023లో మనవాళ్ళ కేసులు చూసింది కూడా ట్యునిస్ ఎంబసీయే. కాబట్టి ప్రస్తుతం ఎక్కడి నుంచి పనిచేస్తున్నారో ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫోన్ మాట ఎలా ఉన్నా, విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు తప్పకుండా వేయండి. దానికొక నంబర్ వస్తుంది. రేపు ఎమ్మెల్యే దగ్గరికెళ్ళినా, కలెక్టరేట్‌కెళ్ళినా మొదట అడిగేది ఆ నంబరే.

అక్కడున్న మనిషే వేయాలని లేదు. భార్య, అన్నదమ్ములు, ఊళ్ళో చదువుకున్న కుర్రాడు, ఎవరైనా ఇక్కడి నుంచి వేయొచ్చు. మొబైల్ నంబర్, ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకుని, దేశం లిబియా అని ఎంచుకుని, సమస్య రకం చూపించాలి. జీతం రాకపోవడం, జైల్లో పడటం, స్వదేశానికి రప్పించడం, ఆచూకీ లేకపోవడం వంటివి విడివిడిగా ఉంటాయి. మూడు బాధలున్నా ప్రాణం మీదికొచ్చినదాన్నే ఎంచుకుని, మిగతావి వివరణలో రాయండి.

ఆ వివరణ దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘అయ్యా, మా అన్నని ఏజెంటు మోసం చేశాడు, తిండి లేదు, కొడుతున్నారు, దయచేసి కాపాడండి’ అని రాస్తారు. అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. కానీ అవతల కూర్చున్న ఉద్యోగి ఆ నాలుగు ముక్కలతో ఏ తలుపు తట్టగలడు? ఇలా రాయండి: ‘పాస్‌పోర్టు నంబర్ ఫలానా. ఫలానా తేదీన హైదరాబాద్ నుంచి దుబాయ్, ఫలానా తేదీన అక్కడి నుంచి బెంఘాజీ. విజిట్ వీసా. పాస్‌పోర్టు కంపెనీ మేనేజర్ దగ్గరుంది. అకామా (అక్కడ ఉండటానికిచ్చే నివాస అనుమతి) తీయలేదు. నాలుగు నెలల జీతం బాకీ. చివరిసారి మాట్లాడింది నిన్న రాత్రి, ఈ నంబర్‌తో.’ బాధ కూడా రాయండి, తప్పులేదు. ముందు ఈ వివరాలుండాలి.

ఔట్‌పాస్ దరఖాస్తు

ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అంటే ఒక్కసారి, ఇండియాకి మాత్రమే ప్రయాణించడానికి ఇచ్చే పత్రం. విదేశాల్లోని ఎంబసీల కోసం ఉన్న పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో ఫారం నింపి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఫొటోలతో ఎంబసీకి ఇవ్వాలి. పాస్‌పోర్టు పోయుంటే పోలీసు రిపోర్టు, పాత పాస్‌పోర్టు కాపీ, ఇండియా చిరునామా రుజువు జతచేయాలి.

ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంటే ‘పోయింది’ అని రాయకండి. పోయిందని నమోదైతే అది రద్దవుతుంది, అందులోని ఎంట్రీ ముద్ర, వీసా కూడా దాంతోపాటే పనికిరాకుండా పోతాయి. తర్వాత ఎగ్జిట్ అడిగినప్పుడు ‘దేశంలోకి ఎలా వచ్చావు?’ అన్న ప్రశ్నకి జవాబుండదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే కంపెనీకి ఎంబసీయే ఫోన్ చేసి అడగొచ్చు. వలస కార్మికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో లిబియా 2004లోనే చేరింది. అందులోని 21వ అధికరణం ప్రకారం చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వోద్యోగి తప్ప మరెవరూ కార్మికుడి పాస్‌పోర్టును లాక్కోవడానికి వీల్లేదు. తన దేశ ఎంబసీ సాయం కోరే హక్కు 23వ అధికరణంలో ఉంది. (ఆ ఒప్పందంలో ఇండియా ఇప్పటికీ చేరలేదు. అది వేరే కథ.) ఒప్పందం చూపించగానే మేనేజర్ వణికిపోడు, నిజమే. కానీ ఎంబసీ రాసే లేఖకి అదొక ఆధారం.

రెండో మాట. అకామా లేనివాడు, మనవాళ్ళ భాషలో ఖల్లివెల్లి అయినవాడు, పోలీసు రిపోర్టు కోసం ఒంటరిగా స్టేషన్‌కి వెళ్ళకూడదు. లిబియాలో 2010 నాటి 19వ చట్టం కింద అనుమతి లేకుండా ఉండటమే నేరం. జైలో జరిమానానో వేసి, ఆపైన దేశం నుంచి పంపేస్తారు. రిపోర్టు ఇవ్వడానికి వెళ్ళినవాడే లోపల పడొచ్చు. ముందు ఎంబసీకి పరిస్థితి చెప్పి, ఏం చేయమంటారో అడగాలి.

పాస్‌పోర్టు కాపీ కూడా లేకపోతే పౌరసత్వం తేల్చడానికి ఇక్కడి రికార్డులు చూస్తారు, అవసరమైతే మీ ఊరికి పోలీసు వెరిఫికేషన్ వస్తుంది. ఆలస్యం ఎక్కువగా ఇక్కడే. పాత ఫోన్లు, వాట్సాప్ చాట్లు, వీసా తీసిన ఏజెంటు పంపిన ఫైళ్ళు వెతకండి, ఎక్కడో ఒకచోట మొదటి పేజీ ఫొటో దొరుకుతుంది. దొరక్కపోతే పూర్తి పేరు, పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసివ్వండి. ఆధార్ ఒక్కటే పౌరసత్వానికి రుజువు కాదు కాబట్టి, వెరిఫికేషన్‌కి వచ్చినవాళ్ళకి చూపడానికి స్కూలు సర్టిఫికెట్, తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు కూడా తీసిపెట్టుకోండి.

పేరు దగ్గర జాగ్రత్త

ఎగ్జిట్ కాగితాలు అరబిక్‌లో ఉంటాయి. అరబిక్‌లో ‘ప’ లేదు, ‘చ’ కూడా లేదు. ‘ప్రసాద్’ రాసేవాడి చేతిలో ‘బ్రసాద్’ అవుతాడు. ‘చంద్రయ్య’ ఒక ఆఫీసులో ‘షంద్రయ్య’, ఇంకో ఆఫీసులో ‘తషంద్రయ్య’. దానికితోడు మన ఇంటిపేర్లు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడే ఖాళీ, ఇంకొందరికి మొత్తం పేరు ఒకే గడిలో. మొదటి కాగితం మీద ఒక రకంగా, చివరిదాని మీద మరోరకంగా పడితే ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ‘ఈ ఇద్దరూ ఒకరేనా?’ అంటారు.

చేయాల్సింది చిన్న పనే. అరబిక్ కాగితం చేతికి రాగానే చదవడం వచ్చిన తోటి కార్మికుడి చేత పేరు, పాస్‌పోర్టు లేదా సర్టిఫికెట్ నంబర్, పుట్టినతేదీ బిగ్గరగా చదివించుకోవాలి. చదువుతుంటే ఔట్‌పాస్ మీద వేలుపెట్టి ఒక్కొక్క అంకె సరిచూసుకోవాలి. తప్పుంటే ఆ కౌంటర్ వదిలి రాకముందే దిద్దించుకోవాలి.

ఎగ్జిట్ పర్మిట్

ఇచ్చేది పాస్‌పోర్టులు, విదేశీయుల వ్యవహారాల శాఖ. అక్కడ అందరూ జవాజాత్ అంటారు. అకామా సరిగ్గా ఉండి కంపెనీ ఒప్పుకుంటే కంపెనీ మనిషే చేయించాలి. కంపెనీ మొండికేస్తే, అకామా లేకపోతే, ఎంట్రీ ముద్రే లేకపోతే ఎంబసీ లేఖతో వెళ్ళాలి. గడువు దాటి ఉన్నందుకు జరిమానా పడొచ్చు. ఎంతో బయటివాడెవడో చెబితే నమ్మి చేతిలో డబ్బు పెట్టకండి, కట్టింది ఎంతైనా రసీదు తీసుకోండి.

కట్టలేని స్థితిలో ఉంటే భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. 2009లో పెట్టారు, నిబంధనలు 2017లో సడలించారు. బస, భోజనం, ఇంటికి టికెట్, అత్యవసర వైద్యం, కొంత న్యాయసహాయం, చిన్న జరిమానాలు దీన్నుంచి ఇవ్వొచ్చు. నిజంగా గతిలేనివాళ్ళకే ఇస్తారు కాబట్టి అడగాలి, అదీ రాతపూర్వకంగా. ‘నా దగ్గర ఇంత ఉంది, జీతం ఇన్ని నెలలుగా రాలేదు, ఇంటి నుంచి పంపే స్తోమత లేదు’ అని ఎంబసీకి రాయాలి.

అంతర్జాతీయ వలస సంస్థ, ఐఓఎం, నడిపే స్వచ్ఛంద మానవతా వాపసు కార్యక్రమం మరో దారి. పేరు నమోదు, ముఖాముఖి, వైద్య పరీక్ష అయ్యాక ఎగ్జిట్ కూడా వాళ్ళే తెప్పిస్తారు. నచ్చకపోతే మధ్యలో వద్దనొచ్చు. కాకపోతే వరసలో ఆఫ్రికా దేశాలవాళ్ళు, బంగ్లాదేశీయులు చాలామంది ఉంటారు. ఎంబసీకి దరఖాస్తు వేసి, ఇందులోనూ పేరు రాయించుకోవడమే మంచిదని నా ఉద్దేశం.

నిర్బంధంలో ఉంటే

2023లో ఇటలీ పంపిస్తామని చెప్పి పంజాబ్, హర్యానా కుర్రాళ్ళని జువారాలో దింపేశారు. వాళ్ళలో 17 మంది ట్రిపోలీ జైలు దాకా వెళ్ళి, ఆగస్టులో ఢిల్లీ చేరారు. జువారా మధ్యధరా తీరంలో పడవలు బయలుదేరే ఊరు. ఆ పడవల్ని ఆపడానికి ఇటలీ 2017 ఫిబ్రవరిలో లిబియాతో ఒప్పందం చేసుకుంది, తీర రక్షక దళానికి సాయమిచ్చింది. పట్టుకొచ్చినవాళ్ళని నిర్బంధ కేంద్రాల్లో పెడతారు. 2019 జులైలో ట్రిపోలీ దగ్గరి తజూరా నిర్బంధ కేంద్రం మీద బాంబులు పడి 50 మందికి పైగా వలసదారులు చనిపోయారు. అంటే అక్కడ ఒక్కోరోజు ఆలస్యమూ ప్రమాదమే.

మనిషి అలాంటిచోట ఉన్నట్టు తెలిస్తే మదద్‌లో జైలు విభాగం ఎంచుకోండి. కేంద్రం పేరు, పట్టుబడిన తేదీ, అతనితో ఉన్న మరో భారతీయుడి పేరు రాయండి. పదిమంది ఉంటే పది ఇళ్ళవాళ్ళూ విడివిడిగా వేసి, ప్రతి ఫిర్యాదులోనూ మిగతా నంబర్లు చూపండి. విడిపిస్తామంటూ డబ్బడిగే ఫోన్లు వస్తే రికార్డు చేసి ఎంబసీకి పంపండి.

జీతం, ఏజెంటు

బాకీ జీతం గురించి బయలుదేరేముందే ఒక కాగితం రాసి ఎంబసీలో ఇచ్చి రావాలి. ఎన్ని నెలలు, ఏ కరెన్సీ, ఒప్పందం కాపీ. దినార్లని రాసుకుంటే ఏ నెల జీతమో తప్పకుండా ఉండాలి. 2021 జనవరిలో డాలర్‌కి సుమారు 1.40 దినార్ల నుంచి ఒక్కసారిగా 4.48కి వెళ్ళిన దేశమది.

ఏజెంటు మీద ఫిర్యాదు విదేశాంగ శాఖ నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో, ఊరి పోలీస్ స్టేషన్‌లో రెండుచోట్లా ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్‌కి విరుద్ధం, శిక్ష 24వ సెక్షన్‌లో ఉంది. రిజిస్టరైన ఏజెంటైనా 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. కట్టిన డబ్బుకి ఫోన్‌పే స్క్రీన్‌షాట్లున్నా చాలు, దాచిపెట్టండి. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 11 3090.

విమానం ఎక్కేముందు

ఇస్తాంబుల్, ట్యునిస్, కైరో, ఏ దారిలో వస్తున్నా ఔట్‌పాస్‌తో అక్కడ ఆగనిస్తారో లేదో టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్‌ని అడగండి. రాత్రంతా ఆగాల్సిన టికెట్ చవకగా వచ్చినా వద్దు. ట్రిపోలీలో వాడుకలో ఉన్న మితీగా విమానాశ్రయం కాల్పులు జరిగితే మూసేస్తారు. ఎగ్జిట్ మీద చివరి తేదీ ఉంటే దానికి రెండుమూడు రోజుల ముందు టికెట్టే తీసుకోవాలి.

ఇండియాలో దిగాక ఔట్‌పాస్‌ని ఇమిగ్రేషన్ వాళ్ళు తీసేసుకుంటారు. కొత్త పాస్‌పోర్టు దరఖాస్తులో దాని నంబర్, తేదీ అడుగుతారు. కాబట్టి బయలుదేరేముందే ఔట్‌పాస్‌కి, ఎగ్జిట్ పర్మిట్‌కి రెండువైపులా ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరికి పంపించుకోవాలి.