పాత కారు పరీక్ష – 4వ పాఠం: రేకు చూశాకే లెక్క

గత పాఠంలో ఇంజను దగ్గర ఆగాం. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని, తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజను పైభాగానికి, కింది భాగానికి మధ్య సందు మూసే పొరను) అనుమానించాలని చెప్పుకున్నాం. మీరు చూసిన బండి ఆ పరీక్షలో తప్పినా బెంగపడకండి. ఇంజను పాడైన పాత కారును ధర కుదిరితే కొనవచ్చు. రేకు పాడైనదాన్ని మాత్రం ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు.

మనం మొదటి నుంచీ నమూనాగా పెట్టుకున్న మారుతి 800నే చూడండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగింది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. ఏ ఊళ్లో షెడ్డుకు వెళ్లినా దీన్ని విప్పి బిగించిన చేయి ఒకటి దొరుకుతుంది. అరిగిన సిలిండర్లను లోపల చెక్కించి (బోరు చేయించి), పిస్టన్లు, రింగులు మారిస్తే ఇంజను మళ్లీ దారిలో పడుతుంది. రేకు సంగతి అలా కాదు. జీపుకు, లారీకి కింద విడిగా చాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. ఈ కారుకు అలాంటి చాసిస్ లేదు. ఫ్లోరు, డోర్ల కింది రన్నింగ్ బోర్డులు, స్తంభాలు, ముందు చక్రాల మీది ఆప్రాన్ రేకులు అన్నీ కలిసే బరువు మోస్తాయి. వాటిలో ఒకటి కుళ్లితే అది అందానికి పట్టిన జబ్బు కాదు, ఎముకకు పట్టిన జబ్బు.

ఎక్కడ చూడాలి? ముందుగా డ్రైవర్ కాళ్ల దగ్గర. మ్యాట్ తీయండి, దాని కింద అతికించిన మందపాటి గుడ్డ కూడా ఒక అంచున లేపండి. చేత్తో తడిమితే చెమ్మ తగిలిందా, ముక్కిన వాసన వచ్చిందా గమనించండి. వానాకాలంలో అద్దం కింది నుంచి కారిన నీళ్లు అక్కడికే చేరతాయి. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరు మీద మెల్లగా కొడుతూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది. కుళ్లిన చోట చప్పుడు చచ్చుగా వస్తుంది, పొలుసులు రాలుతాయి. మొన తిప్పి నొక్కి చూడాలంటే మాత్రం యజమాని అనుమతి అడగండి. వద్దంటే అదీ ఒక జవాబే.

తర్వాత బ్యాటరీ కింది పళ్లెం, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, డోర్ల అడుగు అంచులు. డోరు అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో అవి మూసుకుపోతే రేకు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది, పైన రంగు బుడగలా ఉబ్బేదాకా తెలియదు. ఆఖరున బానెట్ ఎత్తి, ముందు షాక్ అబ్జార్బర్ పైకొచ్చి బిగిసే చోటు చూడండి. అక్కడ బోల్టుల చుట్టూ రేకు పగిలినా, అతుకు వేసి వెల్డింగ్ చేసినా ఇక మిగతా పరీక్ష అక్కర్లేదు.

కొత్తగా రంగు వేసిన బండి అయితే పైన పటారం, లోన లొటారం కావచ్చు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. పల్చటి గుడ్డలో చుట్టి, రంగు గీసుకోకుండా చక్రాల వంపుల మీద, డోర్ల కింద ఆనించండి. గట్టిగా పట్టుకుంటే అది రేకు. జారిపోతే పుట్టీ మందంగా పెట్టారన్నమాట. అడుగు భాగమంతా తాజాగా నల్ల రంగు పూసి ఉన్నా అనుమానించాల్సిందే. దాని కింద ఏముందో దాచడానికే ఎక్కువగా పూస్తారు.

అడుగు చూడటానికి జాకీ ఎత్తి కిందికి దూరకండి. ప్రాణాలు పోతాయి. వాటర్ సర్వీసింగ్ చేసే చోటికి తీసుకెళ్లి లిఫ్టు ఎక్కించండి. కడిగితే బురద పోయి అసలు రేకు బయటపడుతుంది. చక్రం మార్చే వంకతో జాకీ వేసినప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. బండి లేవడానికి ముందే రన్నింగ్ బోర్డు నలిగితే, లేదా లేచాక అంతకుముందు సాఫీగా పడిన డోరు పట్టేస్తుంటే బాడీలో బిగి పోయింది.

విశాఖ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో తిరిగిన బండికి ఈ పరీక్ష రెండింతలు శ్రద్ధగా చేయాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీట మునిగాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. బురద చార కనిపిస్తే సీట్ల కింది పట్టాలు, ఫ్యూజుల పెట్టె కూడా చూడాలి. మునిగిన కారు వైరింగ్‌ను నమ్ముకోవడం కన్నా ఆటో ఎక్కడం మేలు.

రేకు నెగ్గింది అనుకుందాం. ఇప్పుడు కాగితం మీద మూడు గీతలు గీయండి: ప్రాణానికి, కాగితాలకు, ముచ్చటకు. అంకెలు కేవలం ఉదాహరణకే. 2004 మోడల్‌కు 35,000 అడిగారు. ప్రాణానికి: టైర్లు 12,000, బ్రేకులు 6,000, సస్పెన్షన్ 6,000, ఫ్లోరుకు చిన్న టింకరింగ్ 8,000. మొత్తం 32,000.

కాగితాలను చాలామంది మరిచిపోతారు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పునరుద్ధరిస్తే 5 ఏళ్లు చెల్లుతుంది. థర్డ్ పార్టీ బీమాకు 2022లో 1000 సీసీ లోపు కార్లకు నిర్ణయించిన మూల ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు. పన్ను, ఇతర జోడింపులతో 3,000 వేసుకోండి. పేరు మార్పుకు 2,000. మన 2004 బండికి 20 ఏళ్లు దాటాయి కాబట్టి పునరుద్ధరణ 10,000తో కలిపి మొత్తం 15,000. తనిఖీలో చాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకుంటారు, ఆ అంకెల్ని తుప్పు తినేసి ఉంటే అక్కడే పని ఆగిపోతుంది.

ముచ్చట గీత కింద పెయింటింగ్, సీటు కవర్లు, పాటల పెట్టె రాసుకోండి కానీ ఇప్పుడు కూడవద్దు. మరమ్మతుల 32,000 మీద నాలుగో వంతు, అంటే 8,000, విప్పాక బయటపడే వాటికి వేయండి. పాత బండి విప్పితే ఏదో ఒకటి బయటపడకుండా ఉండదు. అన్నీ కలిపి 90,000.

ఇదే మోడల్ మంచి స్థితిలో, పునరుద్ధరణ అయిపోయి 70,000కు దొరుకుతోందనుకోండి. బీమా, పేరు మార్పు కలిపితే 75,000. అంటే మన బండి ధర 20,000కు దిగాలి. అమ్మేవారు ససేమిరా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంకొకరు డబ్బు పోసి బాగు చేయించుకున్న కారు దాదాపు ఎప్పుడూ చవకే. ఆ ఖర్చు అమ్మేటప్పుడు వారికి తిరిగి రాదు.

నాన్నగారు కొన్న మొదటి కారు అయితే ఈ లెక్క వర్తించదు. సంతోషంగా బాగు చేయించుకోండి. ఆ ఖర్చంతా ముచ్చట గీత కింద రాయండి, పొదుపు అని మాత్రం ఇంట్లో చెప్పకండి.

అభ్యాసం: ఈ వారం కారు కొనకండి. మీదో, చుట్టాలదో పదేళ్లు దాటిన కారు ఒకటి తీసుకుని అయస్కాంతం, స్క్రూడ్రైవర్ పరీక్షలు చేయండి. ఒకరికి తెలియకుండా మరొకరిని, ఇద్దరు మెకానిక్‌లను మరమ్మతు ఖర్చు అడగండి. మొదటివారు చెప్పిన అంకె రెండోవారి దగ్గర నోరు జారకూడదు. రెండు అంకెలూ మూడు గీతల కాగితంలో పక్కపక్కన రాసి ఉంచండి. వచ్చే పాఠంలో అదే బండిని రోడ్డు మీదికి తీసి బ్రేకులు, స్టీరింగ్ చూస్తాం.