అమెరికా పాత 500, 1000 డాలర్ల నోటు కొనాలనుకునేవాళ్ళు ముందు చూసుకోవాల్సినవి

మన వాళ్ళలో చాలామందికి అమెరికాలో 100 డాలర్లదే పెద్ద నోటు అని తెలుసు, అంతకు మించి 500, 1000, 5000, 10,000 నోట్లు కూడా జనం చేతుల్లో తిరిగాయంటే నమ్మరు. నిజంగానే తిరిగాయి, ఇప్పటికీ చెల్లుతాయి, అమెరికాలో కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవడం పూర్తిగా లీగల్. నేను కొన్నేళ్ళుగా ఇక్కడ అమెరికాలోనే ఉంటూ నోట్లు పోగేస్తున్నాను, పెద్ద నోట్లలో నా దగ్గర ఇప్పుడున్నది ఒకే ఒక్క 500, 1934 సిరీస్ (సిరీస్ అంటే నోటు మీద అచ్చయి ఉండే డిజైను సంవత్సరం), చికాగో నుంచి విడుదలైనది, దానికంటే ముందు ఇంకోటి కొని డబ్బు పోగొట్టుకున్నాను. మొదటిసారి కొనేవాళ్ళకి ఆ నష్టం రాకూడదని ఇదంతా రాస్తున్నా.

ముందు ఏ నోటు మీద ఎవరుంటారో బట్టీ పట్టేయండి, ఎందుకంటే సగం మోసాలు ఇక్కడే దొరికిపోతాయి. 1928, 1934 సిరీస్‌లలో 500 మీద విలియం మెకిన్లీ, 1000 మీద గ్రోవర్ క్లీవ్‌లాండ్, 5000 మీద జేమ్స్ మాడిసన్, 10,000 మీద సాల్మన్ చేజ్ ఉంటారు. ఈ చేజ్ ప్రెసిడెంట్ అవ్వలేదు, లింకన్ దగ్గర ట్రెజరీ సెక్రటరీగా చేశారు, చేజ్ బ్యాంకుకి ఆ పేరు ఈయన గౌరవార్థమే పెట్టారు. ఇంకా పాతవి, అంటే 1918 సిరీస్ పెద్ద సైజు నోట్లలో 500 మీద జాన్ మార్షల్, 1000 మీద అలెగ్జాండర్ హామిల్టన్ ఉంటారు, అవి ఇప్పటి నోట్ల కన్నా చాలా పెద్దవి, 1929లో నోట్ల సైజు తగ్గించేశారు. మిలియన్ డాలర్ల నోటు అంటూ ఎవరైనా చూపిస్తే అది బొమ్మ నోటు, అలాంటిది ప్రభుత్వం ఎప్పుడూ వెయ్యలేదు.

1,00,000 నోటు మాత్రం నిజంగా ఉంది, వుడ్రో విల్సన్ బొమ్మతో 1934 గోల్డ్ సర్టిఫికెట్ (ఖజానాలో ఉన్న బంగారానికి బదులుగా వేసిన నోటు), మొత్తం 42,000 వేశారు. కానీ అది ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు (మన రిజర్వ్ బ్యాంకు లాంటి అమెరికా సెంట్రల్ బ్యాంకు శాఖలు) వాటిలో అవి లెక్కలు తేల్చుకోవడానికి మాత్రమే, జనంలోకి రానేలేదు, ప్రైవేటు వ్యక్తులు దాచుకోవడం చట్టవిరుద్ధం. స్మిత్సోనియన్ లాంటి మ్యూజియంలో చూడొచ్చు అంతే, ఎవరైనా అమ్ముతామంటే అక్కడితో మాట ఆపెయ్యండి.

ఇవి ఎందుకు అరుదయ్యాయంటే, ప్రింటింగ్ 1945లోనే ఆపేశారు, ఉన్న స్టాకుని మాత్రం 1969 జులై 14 దాకా ఇస్తూ వచ్చారు, వాడకం లేదని ఆ రోజు అధికారికంగా ఆపేశారు. రద్దు చెయ్యలేదు, అది గుర్తుపెట్టుకోండి. కాకపోతే అప్పట్నుంచీ బ్యాంకుకి వచ్చిన ప్రతి పెద్ద నోటూ ఫెడరల్ రిజర్వ్‌కి వెళ్ళి నాశనమైపోతుంది, అంటే ప్రతి ఏడాదీ తగ్గడమే గానీ పెరగడం లేదు. 2009 నాటి లెక్కలో 10,000 నోట్లు 336, 5000 నోట్లు 342 మాత్రమే బయట ఉన్నాయి, 1000 నోట్లు మాత్రం లక్షా అరవై ఐదు వేల పైన ఉన్నాయి.

అందుకే చెప్తున్నా, ఎవరింట్లో అయినా, తెలిసిన ముసలావిడ పాత పెట్టెలో అయినా ఒక 500 కనిపిస్తే దయచేసి బ్యాంకులో డిపాజిట్ చెయ్యనివ్వకండి. బ్యాంకు వాళ్ళు ఇచ్చేది 500 డాలర్లే, కలెక్టర్ దగ్గర అదే నోటు బాగా నలిగిపోయి ఉన్నా అంతకన్నా ఎక్కువే పలుకుతుంది, పైగా ఆ నోటు ఇక లోకంలోనే ఉండదు. నా ఆఫీసులో ఒకాయన వాళ్ళ తాతగారి 1000 నోటుని ఇలాగే కట్టేసి వచ్చాడు, సంవత్సరం తర్వాత మాటల్లో నాకు చెప్పాడు, ఆ రోజంతా నాకు పని మీద మనసు పట్టలేదు.

మన రూపాయితో పోల్చుకుంటే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. మనకీ 1938లో 10,000 రూపాయల నోటు వచ్చింది, 1946లో రద్దయింది, 1954లో మళ్ళీ తెచ్చారు, 1978 జనవరిలో మళ్ళీ రద్దు చేశారు. 2016లో రద్దయిన పాత 500, 1000 అయితే పదికి మించి దాచుకోకూడదని చట్టమే తెచ్చారు, పరిశోధనకీ నాణేల, నోట్ల సేకరణకీ అయితే 25 దాకా ఒప్పుకున్నారు. అమెరికా వాళ్ళు 1861 నుంచి వేసిన నోట్లని రద్దు చెయ్యలేదు, కాబట్టి ఇక్కడి పెద్ద నోటు ఎంత పాతదైనా ఫేస్ వాల్యూ (నోటు మీద రాసిన విలువ) అనే నేల ఒకటి కింద ఉంటుంది, అంతకన్నా కిందకి పడదు.

ఇక కొనడం దగ్గరికి వద్దాం. మొదటి నోటుగా నా సలహా 1934 లేదా 1934ఏ సిరీస్ 500. 1928 సిరీస్ మీద బంగారంలోకి మార్చిస్తామన్న మాట రాసి ఉంటుంది, 1933లో ప్రభుత్వం జనం దగ్గర బంగారం వెనక్కి తీసుకున్నాక 1934 నోట్ల మీద ఆ మాట తీసేశారు, అందుకని 1928కి కథా ఎక్కువే, రేటూ ఎక్కువే, దొరకడమూ తక్కువే. మొదటి అడుగు దాని మీద వెయ్యకండి. 5000, 10,000 మన స్థాయివి కావు, 1934 సిరీస్ 10,000 నోటు ఒకటి 2023లో వేలంలో 4,80,000 డాలర్లు పలికింది. లాస్ వెగాస్‌లో బినియన్స్ హార్స్‌షూ కసినోలో ఒకప్పుడు వంద 10,000 నోట్లు అద్దం వెనక పెట్టి వచ్చినవాళ్ళకి ఫోటోలు తీసేవాళ్ళు, ఇప్పుడు మార్కెట్లో కనిపించే 10,000 నోట్లలో చాలావరకు అక్కడివే.

నోటు చేతికి రాగానే సీరియల్ నంబర్ ముందున్న అక్షరం చూడండి, అది ఏ ఫెడరల్ రిజర్వ్ జిల్లాదో చెప్తుంది, ఏ అంటే బోస్టన్, బి న్యూయార్క్, సి ఫిలడెల్ఫియా, అలా ఎల్ శాన్ ఫ్రాన్సిస్కో దాకా 12 ఉన్నాయి. న్యూయార్క్, చికాగో ఎక్కువ దొరుకుతాయి, మినియాపొలిస్, డాలస్ తక్కువ, రేటులో తేడా అక్కడే మొదలవుతుంది. నంబర్ ముందు సున్నాలు ఉన్నాయి కదా లో సీరియల్ (మొదట్లో వేసిన చిన్న నంబర్ నోటు) అని డీలర్ ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి, ఈ నోట్లు వేసిందే తక్కువ కాబట్టి ముందు రెండు సున్నాలు ఉండటం వీటిలో మామూలే. చివర అక్షరం బదులు చిన్న నక్షత్రం ఉంటే అది స్టార్ నోటు, ప్రింటింగ్‌లో పాడైన నోటుకి బదులు వేసింది, పెద్ద నోట్లలో స్టార్ చాలా అరుదు. 1934 సిరీస్‌లో సీల్ (ముందు వైపు ఉండే గుండ్రటి ముద్ర) రంగు కూడా చూస్తారు, లేత ఆకుపచ్చ సీల్ ముందు వేసినవి, ముదురుది తర్వాతవి, లేతదానికి కాస్త ఎక్కువ ఇస్తారు.

అసలో నకిలీయో చూసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి, యూవీ టార్చ్ ఒకటి చాలు. కాగితం నిజానికి గుడ్డ లాంటిది, కాటన్, లినెన్ కలిపి చేసింది, దాని లోపల సన్నటి ఎరుపు నీలం దారాలు కలిసిపోయి ఉంటాయి, నకిలీలో ఆ దారాలు పైన గీసినట్టు కనిపిస్తాయి. బొమ్మ మీద వేలు నిమిరితే ఇంకు కాస్త గరుగ్గా తగలాలి. వెలుతురుకి పెట్టి చూసినప్పుడు లోపల సెక్యూరిటీ దారమో వాటర్‌మార్కో కనిపించిందంటే అది కచ్చితంగా దొంగ నోటు, ఎందుకంటే అవి 1990ల్లో వచ్చాయి, 1934 నోటులో ఎలా ఉంటాయి. వెనక్కి తిప్పితే 500, 1000 మీద భవనాలూ మనుషులూ ఎవరూ ఉండరు, అక్షరాలు, అంకెలు, వాటి చుట్టూ అల్లిన నగిషీ, అంతే.

ఇప్పుడు నేను పోగొట్టుకున్న సంగతి. ఒక కాయిన్ షోలో గ్రేడింగ్ (నోటు అసలుదేనా, ఎంత బాగుందో చూసి మార్కు వెయ్యడం) చేయించని 500 ఒకటి చూశాను, తెల్లగా మెరిసిపోతోంది, ఒక్క మడత లేదు, అమ్మేవాడు కొత్త నోటులానే ఉంది చూడండి అన్నాడు, నేనూ సంబరపడి అప్పటికప్పుడు డబ్బు ఇచ్చేశాను. ఇంటికొచ్చి యూవీ టార్చ్ వేస్తే నోటు మొత్తం నీలంగా వెలిగింది. పాత నోటు కాగితం అలా వెలగదు, డల్‌గా ఉండిపోవాలి, వెలిగిందంటే బట్టల సబ్బు పొడితో కడిగి, ఆరబెట్టి, బరువు పెట్టి ప్రెస్ చేశారన్నమాట. నోటు అసలుదే, కానీ గ్రేడింగ్‌కి పంపితే కడిగిన నోటు అని రాసి తక్కువ గ్రేడు ఇచ్చారు, కొన్నదానికన్నా బాగా తక్కువకి అమ్ముకోవాల్సి వచ్చింది. అసలైన కొత్త నోటు పెళపెళలాడుతుంది, చెవి దగ్గర పెట్టి మెల్లిగా కదిపితే తెలుస్తుంది, కడిగినది మెత్తగా నిర్జీవంగా ఉంటుంది, ఆ శబ్దం ఒక్కసారి అలవాటైతే మళ్ళీ మోసపోరు. ఆ అలవాటు కోసం 1950ల నాటి మామూలు 5, 10 డాలర్ల నోట్లు పది పదిహేను కొని చేతితో పట్టుకుని చూడండి, పుస్తకాలు చదివితే వచ్చేది కాదు అది.

కాబట్టి మొదటి పెద్ద నోటు పీఎంజీ గానీ పీసీజీఎస్ బ్యాంక్‌నోట్ గానీ, ఈ రెండూ గ్రేడింగ్ కంపెనీలు, గ్రేడ్ చేసి హోల్డర్‌లో (ప్లాస్టిక్ కవరులో) సీల్ చేసిందే కొనండి. గ్రేడు 70 దాకా ఉంటుంది, 20 నుంచి 35 అంటే చేతులు మారినా చూడ్డానికి బాగున్న నోటు, నా దృష్టిలో మొదటి 500కి 25, 30 సరిగ్గా సరిపోతుంది, 60 దాటితే కొత్త నోటు, రేటు ఆకాశంలో ఉంటుంది. ముందున్న అంకె చూసి ఆగిపోకండి, హోల్డర్ వెనక చిన్న అక్షరాల్లో గుండుసూది రంధ్రాలనో, మరకలనో, చిరుగు అతికించారనో రాసి ఉంటుంది, అది చదవకుండా కొనడం నేను చేసినంత తప్పు. రంధ్రాలు మాత్రం పెద్ద నోట్లలో మామూలే, అప్పట్లో గుండుసూదితో గుచ్చి పెట్టేవాళ్ళు. పీఎంజీలో ఈపీక్యూ అని ఉంటే కాగితం సహజంగా ఉంది, ఎవరూ కడగలేదు ప్రెస్ చెయ్యలేదు అని అర్థం. హోల్డర్లకి కూడా నకిలీలు ఉన్నాయి, అందుకని సర్టిఫికెట్ నంబర్ వాళ్ళ సైట్‌లో కొట్టి నోటు వివరాలూ ఫోటో ఉంటే ఫోటో కూడా సరిపోల్చుకోవాలి.

రేటు కోసం అమ్మేవాళ్ళు అడిగేది చూడకండి, హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ లాంటి వేలం సంస్థల దగ్గర పాత అమ్మకాల రికార్డు ఉంటుంది, అదే సిరీస్, అదే జిల్లా, అదే గ్రేడు నోటు చివరికి ఎంతకి పోయిందో చూడండి. వెతకడానికి ఫ్రీడ్‌బర్గ్ నంబర్ (అమెరికా నోట్ల కేటలాగులో ఒక్కో రకానికి ఇచ్చిన నంబర్) వాడండి, 1934 సిరీస్ 500కి 2201, 1000కి 2211. వేలంలో మీరు పాడిన పాట మీద కొనేవాళ్ళ ఫీజు అదనంగా పడుతుంది, ముందే లెక్కలో కలుపుకోండి.

అంత బడ్జెట్ లేనివాళ్ళకి ఒక వింత నోటు చెప్తా, నాకు దీని మీద ప్రత్యేకమైన ప్రేమ. 1935 డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో ఒక పోస్టాఫీసు బిల్డింగ్‌లో మంటలు అంటుకున్నాయి, ఆర్పేటప్పుడు పెట్టెల్ని కిటికీల్లోంచి బయటికి విసిరారు, వాటిలో అప్పటికే క్యాన్సిల్ చేసి రంధ్రాలు కొట్టిన 1900 సిరీస్ 10,000 డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్లు వీధంతా ఎగిరాయి, జనం ఏరుకున్నారు. ఆండ్రూ జాక్సన్ బొమ్మ ఉంటుంది, వెనక వైపు ఖాళీ. వాటిని బ్యాంకులో ఇస్తే ఒక్క డాలరు కూడా రాదు, చట్టం ప్రకారం ఇప్పటికీ ప్రభుత్వ ఆస్తే, అయినా కలెక్టర్లు కొంటున్నారు, ఆ మాట తెలుసుకునే కొనండి, ఎవరైనా ఇది చెల్లే 10,000 అని చెప్తే వదిలేయండి.

ఇంకా చవగ్గా అంటే 2013 సిరీస్ ఒక డాలర్ స్టార్ నోట్లు. న్యూయార్క్ జిల్లా కోసం వాషింగ్టన్‌లోనూ ఫోర్ట్ వర్త్‌లోనూ పొరపాటున ఒకే సీరియల్ నంబర్లు వేసేశారు, అలా లక్షల కొద్దీ జంటలు ఉన్నాయి. ఒకే నంబర్ ఉన్న రెండు నోట్లు కలిపితే ఒక్కోదాని విలువ కన్నా చాలా ఎక్కువ, కిరాణా కొట్లో చిల్లర తీసుకునేటప్పుడు కూడా దొరకొచ్చు. ఫోర్ట్ వర్త్‌ది ఎలా గుర్తుపట్టాలంటే ముందు వైపు ప్లేట్ నంబర్ పక్కన చిన్నగా ఎఫ్‌డబ్ల్యూ అని ఉంటుంది. మన దగ్గర 786 నోట్లు, స్టార్ గుర్తు నోట్లు దాచుకునే అలవాటున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

దాచడం గురించి నాలుగు మాటలు. ఇస్త్రీ చెయ్యొద్దు, రబ్బరు పెట్టి తుడవొద్దు, సెల్లోటేప్ దగ్గరకి రానివ్వొద్దు. పీవీసీ కవర్లు కొన్నేళ్ళకి జిగురు వదిలి నోటుని తినేస్తాయి, మైలార్ (ఒక రకం పాలిస్టర్ ప్లాస్టిక్) కవరే కొనండి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి రెండు మూడు నెలలకోసారి మార్చాలి, బీరువాలో నాఫ్తలీన్ ఉండల పక్కన మాత్రం పెట్టకండి.

ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళు ఒకటి చూసుకోండి. అక్కడ ఉండేవాళ్ళు విదేశీ నోట్లు మొత్తం కలిపి 2000 డాలర్ల వరకే దగ్గర ఉంచుకోవచ్చు, ఎయిర్‌పోర్ట్‌లో దిగేటప్పుడు నోట్లే 5000 డాలర్లు దాటితే కస్టమ్స్‌లో డిక్లేర్ చెయ్యాలి. ఒక్క 500 అయితే ఇబ్బంది లేదు, కానీ కొన్న బిల్లు, గ్రేడింగ్ సర్టిఫికెట్ నంబర్ ఫోన్‌లో కాకుండా కాగితం మీద దగ్గర పెట్టుకోండి, నోటుని హ్యాండ్ బ్యాగ్‌లోనే ఉంచండి, చెకిన్ సూట్‌కేసులో వెయ్యకండి.